మా తమ్ముడికి పెట్టిన గ్రీకు పేరు

మొన్నొక ఆదివారం మా మేనకోడలు స్నేహ, నెలన్నర పిల్లాడిని ఎత్తుకుని, భర్త వినీత్‌తో కలిసి జనక్‌పురిలోని మా ఇంటికి భోజనానికి వచ్చింది. మా ఇల్లంటే కింది వాటాలో నేను, పై వాటాలో మా తమ్ముడు రాజు. నేను పెళ్ళి చేసుకోకుండా బళ్ళో తెలుగు చెప్పి రిటైరైన మనిషిని. వాడు భార్య పోయాక, ఒక్కగానొక్క కూతురు స్నేహకి పెళ్ళి చేసి పంపాక, పూటపూటా నా వంటింట్లోకే దిగి వస్తాడు. పిల్లాడు నెలలు నిండకుండా పుట్టాడు. మూడు వారాలు ఆసుపత్రిలో గాజుపెట్టెలో ఉండి, ముక్కులో గొట్టాలతో, మా అందరి ప్రాణాలూ తోడేసి బయటపడ్డాడు. ఆ మూడు వారాలూ వినీత్ చేసిన పని ఒకటుంది. హైదరాబాద్ నుంచి వచ్చి గుర్‌గావ్ కంపెనీలో ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడు, చెడ్డవాడు కాదు. కానీ రోజూ ఆ గాజుపెట్టె ముందు నిలబడి ఫోనులో వీడియో తీసి, దానికి ఏడుపు పాట ఒకటి తగిలించి, ‘మిరాకిల్ బేబీ’ అని లోకానికంతా పెట్టేవాడు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు దాని కింద దండాల బొమ్మలు పెట్టేవారు. ఎంతమంది చూశారో భోజనాల దగ్గర అతను సంబరంగా చెబుతుంటే, నేను నోట్లోని ముద్ద మింగలేక నీళ్ళు తాగాను.

"పేరు ఫైనల్ చేసినం అత్తమ్మా," అన్నాడు వినీత్. "ఎవ్వరికీ లేని పేరు. గ్రీక్ నేమ్."

స్నేహ ఫోను నా కళ్ళ ముందు పెట్టింది. దానికి తెలుగు అర్థమవుతుంది గాని నోరు మాత్రం హిందీలోనే తిరుగుతుంది. "అత్తా, దేఖో నా. కిత్నా యునీక్ హై. యూటికస్! మీనింగ్ భీ సూపర్ హై. లక్కీ!"

చూశాను. పిల్లల పేర్లు అమ్ముకునే పేజీ ఏదో. గ్రీకు మూలం, మగపిల్లవాడి పేరు, అర్థం అదృష్టవంతుడు, చాలా అరుదు అని రాసి ఉంది. పేరు ఎంతమందికి ఉందో చూపించే గీత ఒకటి నేలకు అంటుకుపోయి ఉంది. నేను తలెత్తి తమ్ముడి వంక చూశాను. వాడు అన్నంలో పప్పు కలుపుతున్నాడు. పూర్తిగా వంగని, పూర్తిగా చాపలేని ఎడమ చెయ్యి ఎప్పటిలాగే ఒళ్ళో పెట్టుకుని, కుడిచేత్తో కలిపిన అన్నాన్నే మళ్ళీ మళ్ళీ కలుపుతున్నాడు.

నేను లేచి వెళ్ళి నోట్లోది సింకులో ఉమ్మి వచ్చాను.

"ఆ పేరు వద్దు," అన్నాను.

"క్యోఁ అత్తా?"

"అది మీ నాన్న పేరు కాబట్టి."

స్నేహ నవ్వబోయి తండ్రి మొహం చూసి ఆగిపోయింది. ఆ పిల్లకి ముప్పై ఏళ్ళు వస్తున్నాయి. తన తండ్రిని ఏడాదిపైన ఆ పేరుతో పిలిచారని, ఆ పేరుతో ఊరూరా తిప్పారని ఇంతవరకూ తెలియదు. మా ఇంట్లో ఆ మాట ఎత్తకూడదని మా అమ్మ పెట్టిన ఆజ్ఞ, అమ్మ పోయి ఇన్నేళ్ళయినా మేమిద్దరం దాటలేదు.

అప్పట్లో మేము మునిర్కాలో ఉండేవాళ్ళం. ఇప్పుడక్కడ గదికి నలుగురు విద్యార్థులు, సందుకో ఫోను రిపేరు కొట్టు. అప్పుడు సగం పల్లెటూరే. జాట్‌ల ఇళ్ళు, వాకిళ్ళలో గేదెలు, గోడల మీద పిడకలు. మాది మేడ మొదటి అంతస్తులో ఒకటే గది. మూల కిరోసిన్ స్టవ్వు, తాడు మీద అమ్మ తెల్లచీరలు. మా అమ్మ కరుణమ్మది బాపట్ల పక్క పల్లె, పెద్దాసుపత్రిలో నర్సు. ఆమె డ్యూటీ దిగి ఇంటికి వచ్చిందంటే ముందు లోషన్ వాసన వచ్చేది, తర్వాత ఆమె వచ్చేది. రాగానే బకెట్లో వేణ్ణీళ్ళు పోసుకుని, ఉప్పు వేసి, అందులో పాదాలు పెట్టుకుని కళ్ళు మూసుకునేది. అప్పుడు ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు. ఆ కాసేపయ్యాక కళ్ళు తెరిచి, "ఏం తిన్నార్రా?" అనేది. ఆ గదిలో కిరోసిన్, లోషన్, గంజి, గేదెల వాసన, ఊరి నుంచి వచ్చిన గోంగూర పచ్చడి జాడీ వాసన, అన్నీ కలిసిపోయి ఉండేవి. నాకు ఆ వాసనంటే ఎప్పుడూ అసహ్యం లేదు. అసహ్యం పుట్టించినవి వేరే ఉన్నాయి.

నాన్న ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా. మెత్తటి మనిషి. శనివారం సాయంత్రం ప్యాంటుని మడతపెట్టి, కింద ఒక కాగితం పైన ఒక కాగితం వేసి, పరుపు కింద పెట్టేవాడు. ఆదివారం పొద్దున తీసేసరికి మడత కత్తిలా ఉండేది. ఆ ప్యాంటు వేసుకుని, బైబిలు గ్రంథాన్ని గుడ్డసంచిలో పెట్టుకుని, నన్నూ తమ్ముడినీ చెరో చేత్తో పట్టుకుని పైకి తీసుకుపోయేవాడు. పైకి అంటే మా మేడ మీదికే. రెండో అంతస్తులో ఇల్లుగలవాళ్ళు కట్టడం మొదలుపెట్టి ఆపేసిన పొడుగాటి హాలు ఒకటుండేది. తెలుగు కుటుంబాలు ఇరవై దాకా, నర్సులు, గుమాస్తాలు, వాళ్ళ పిల్లలు, ఆదివారాలు ప్రార్థనకి అక్కడే కూడేవారు. కిటికీలకి చెక్కలు బిగించారు గాని చువ్వలు పెట్టలేదు. అమ్మ ఆదివారం డ్యూటీ అడిగి మరీ వేయించుకునేది. "రోగులకి ఆదివారాలు ఉంటాయా?" అనేది. అసలు కారణం అయ్యగారు.

పాస్టరుగారిని అందరూ అయ్యగారు అనేవాళ్ళం. మన వైపు నుంచే వచ్చినవాడు. గొంతు గొప్పది, అది ఒప్పుకోవాలి. మూడు గంటలకి తక్కువ కాకుండా మాట్లాడేవాడు. మాట్లాడేటప్పుడు మూతి చివర్లలో తెల్లటి నురుగు చేరేది. నేను వాక్యం వినకుండా ఆ నురుగు ఎప్పుడు రాలుతుందా అని చూస్తూ కూర్చునేదాన్ని. నెలకోసారి భోజనం మా ఇంట్లో. కోడికూర ఆయనకి, పులుసు మాకు. ఎముకలు కొరికి, మూలుగు చప్పరించి, నేల మీద పెట్టేవాడు. కంచంలోనే చెయ్యి కడిగి, ఆ తడిచేతిని తుడుచుకోకుండా మా తలల మీద పెట్టి దీవించేవాడు. మసాలా, సెంటు కలిసిన వాసన. అది సాయంత్రం దాకా నా జుట్టులో ఉండేది. నాన్న కళ్ళు మాత్రం అప్పుడు చెమర్చేవి. నేను ఇప్పటికీ చర్చికి పోయే మనిషినే, ప్రార్థన చేసుకునే మనిషినే. నా ఏవగింపు దేవుడి మీద కాదు. ఆ తడిచెయ్యి మీద.

ఆ వేసవిలో ఒక ఆదివారం. బయట లూ వడగాలి. హాల్లో ఫ్యాను లేదు. నాకు పన్నెండేళ్ళు, తమ్ముడికి ఏడు. నాకు కొత్త గౌను కుట్టించారు, లేత పసుపుది. అయ్యగారు రెండో గంటలో ఉన్నాడు. తమ్ముడు నా భుజం మీద వాలి నిద్రపోతూ నా గౌను చెయ్యి మీద చొంగ కార్చాడు. నాకు ఒళ్ళు మండింది. మోచేత్తో పొడిచి, "అవతలికి పో. కిటికీ దగ్గర గాలొస్తోంది, అక్కడ కూర్చో," అన్నాను. వాడు మాట వినే పిల్లాడు. కళ్ళు నలుపుకుంటూ లేచి వెళ్ళి కిటికీ గట్టు మీద ఎక్కి కూర్చున్నాడు. నేను గౌను తుడుచుకున్నాను. వాడి వంక మళ్ళీ చూడలేదు. కాసేపటికి కింద రేకు మీద పెద్ద శబ్దం. అయ్యగారు కూడా ఆగిపోయాడు. కిటికీ ఖాళీగా ఉంది.

కిటికీ కింద ఉన్నది గేదెల పాక. వాడు పాక రేకు మీద పడి, దొర్లి, పక్కనున్న పేడకుప్పలో బోర్లా పడ్డాడు. అందరికంటే ముందు మెట్లు దిగినదాన్ని నేనే. నేను వెళ్ళేసరికి ఆ గేదెల యజమానురాలు, మాకు పాలు పోసే ముసలామె, మేమంతా తాయీ అని, అంటే పెద్దమ్మా అని, పిలిచే మనిషి, వాడిని వెల్లకిలా తిప్పి ఒళ్ళో వేసుకుంది. వాడి ముక్కు, నోరు నిండా పేడ. ఆమె చూపుడువేలు వాడి నోట్లో పెట్టి, లోపల్నుంచి పేడంతా తోడేసింది. ఓఢ్నీ కొంగుతో ముక్కు తుడిచింది. వాడు కక్కాడు. కక్కి, నా వంక చూసి, "అక్కా," అన్నాడు. ఆ తర్వాతే కళ్ళు తేలేశాడు. ఎడమ మోచెయ్యి ఉండాల్సిన దిక్కున లేదు. చెవిలోంచి నెత్తురు వస్తోంది.

అప్పుడు వచ్చాడు అయ్యగారు. వెనక జనం. తాయీని భుజం పట్టుకుని పక్కకి నెట్టి, పిల్లాడిని మళ్ళీ నేల మీద పడుకోబెట్టించి, రెండు చేతులూ వాడి గుండె మీద పెట్టి ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ ఆ పేడలోనే మోకాళ్ళ మీద కూర్చున్నారు. నాన్న కూడా. పిల్లాడు చచ్చిపోతాడు, ఆసుపత్రికి తీసుకెళ్ళండని తాయీ అరుస్తోంది. "అరే హస్పతాల్ లే జాఓ! బచ్చా మర్ జాయేగా! పాగల్ హో గయే హో క్యా సబ్?" ఎవరూ కదల్లేదు. ఎంతసేపో నాకు తెలియదు. చివరికి ఆమె సందు మొగలోకి పరిగెత్తి ఆటోని ఆపి, తిరిగి వచ్చి, అయ్యగారి చేతుల కిందనుంచి పిల్లాడిని లాగేసుకుని, ఒళ్ళో పెట్టుకుని ఆటో ఎక్కింది. నాన్న వెనక పరిగెత్తి ఎక్కాడు. అమ్మ పనిచేసే ఆసుపత్రికే తీసుకెళ్ళారు. అమ్మ అత్యవసర వార్డులో ఉంది. పేడ పూసిన పిల్లాడిని స్ట్రెచర్ మీద తెస్తుంటే ఎవరి బిడ్డో అనుకుందట.

మూడు రోజులు తెలివిలేదు. చేతికి ఆపరేషను. ఒక చెవికి వినికిడి పోయింది. అమ్మ ఆ వార్డు వదిలి ఇంటికి రాలేదు. నేను ఇంట్లో ఒక్కదాన్నే ఉండి, ఆ పసుపు గౌను చెయ్యి ఉతుకుతూ కూర్చునేదాన్ని. నేనే వాడిని కిటికీ దగ్గరికి పంపానన్న సంగతి ఎవరికీ తెలియదు. నాలుగో రోజు వాడు కళ్ళు తెరిచాడని తెలిసినప్పుడు నేను ఏడ్చింది సంతోషంతో కాదు, ఇక వాడు చెప్పేస్తాడేమోనన్న భయంతో. వాడికేమీ గుర్తులేదు. పడటం గుర్తులేదు, అంతకుముందు నిద్రపోవడం కూడా గుర్తులేదు.

వాడిని ఇంటికి తెచ్చాక వచ్చిన ఆదివారం అయ్యగారు వాడిని బల్ల మీద నిలబెట్టాడు. రెండు వేల ఏళ్ళ కిందట ఒక గ్రీకు కుర్రాడు, క్రీస్తు మాట చాటే అపొస్తలుడు సుదీర్ఘంగా ప్రసంగిస్తుంటే కిటికీలో కూర్చుని నిద్రపోయి, మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడని, మళ్ళీ లేచాడని చెప్పాడు. బైబిల్లో ఆ కుర్రాడి పేరు ఐతుకు. "మన కాలంలో, మన మునిర్కాలో, అదే జరిగింది. ఈ బిడ్డ చచ్చి బతికాడు. ఈ రోజు నుంచి వీడు రాజు కాదు, ఐతుకు!" అని, ఆ తడిచెయ్యి వాడి తల మీద పెట్టాడు. జనం ఏడ్చారు. నాన్న ఆ సోమవారమే బడికి అర్జీ పెట్టి పేరు మార్పించాడు.

"రాజు అన్న పేరుకి ఏమొచ్చింది?" అంది అమ్మ.

"దేవుడిచ్చిన పేరు కరుణా. అదృష్టవంతుడని అర్థమంట."

"అదృష్టమే ఉంటే కిందెందుకు పడతాడు?" అంది అమ్మ. అంతకుమించి అనలేదు. అప్పటికి ఆమె దగ్గర అంతకుమించి ఓపిక లేదు.

అర్థం అదే, అదృష్టవంతుడు. చాలా ఏళ్ళ తర్వాత మా బళ్ళో చరిత్ర చెప్పే ఆవిడని అడిగితే వివరంగా చెప్పింది. ‘యూ’ అంటే మంచి అని, ‘తుఖే’ అంటే అదృష్టం అని, రెండూ కలిసి ఆ పేరయిందని. ఇంగ్లీషులో అది యూటికస్, మన తెలుగు బైబిలు అచ్చులోకి వచ్చేసరికి ఐతుకు అయింది. మన క్రైస్తవ కుటుంబాల్లో గ్రీకు పేర్లకి కొదవలేదు. ఫిలిప్పులు, స్తెఫనులు, తిమోతిలు వీధికి ఇద్దరుంటారు. ఐతుకు అని కొడుక్కి పెట్టుకున్నవాళ్ళని నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఎవరు పెట్టుకుంటారు, ప్రసంగంలో నిద్రపోయినవాడి పేరు? ఆవిడ ఇంకో మాట కూడా చెప్పింది. ఆ రోజుల్లో అలాంటి పేర్లు బానిసలకి బాగా పెట్టేవారట. అదృష్టవంతుడు, పనికొచ్చేవాడు, అలా. కొని తెచ్చుకున్న మనిషికి యజమాని తనకి నచ్చిన గుణాన్ని పేరుగా తగిలించేవాడు. అది విన్న రోజు నేను స్టాఫ్ రూములో టీ కప్పు పక్కన పెట్టేశాను. తాగబుద్ధి కాలేదు.

గ్రీకులో ఏమైతేనేం, మునిర్కా బళ్ళో పిల్లలకి వినపడింది వేరు. మొదటి రోజు హాజరు పిలిచేటప్పుడు టీచరు "ఐ...తుక్...?" అని తడబడగానే వెనక బెంచీలోంచి ఒకడు "ఏ థూక్!" అన్నాడట. హిందీలో థూక్ అంటే ఉమ్మి. ఆ రోజు నుంచి మా తమ్ముడు ఉమ్మి. పిలిచినప్పుడల్లా పక్కన ఉమ్మేవారు, కొందరు పక్కన కాదు, మీదే. వాడు ఇంటికి వచ్చి పంపు కింద చొక్కా విప్పి ఉతుక్కునేవాడు, ఒక చేత్తో. ఏమయిందిరా అని నాన్న అడిగితే, "సిరా పడింది," అనేవాడు. నేను అదే బళ్ళో పై తరగతిలో ఉన్నాను. చూశాను. నాన్నకి చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది, అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. అయ్యగారు వాడిని సాక్ష్యానికి, అంటే చచ్చి బతికిన సంగతి సభల్లో చెప్పించడానికి, తిప్పడం మొదలుపెట్టాడు. ఢిల్లీలో తెలుగువాళ్ళు ఎక్కడుంటే అక్కడ, సెలవుల్లో ఆంధ్రాలో సభలకి కూడా. వాడికి ఏమీ గుర్తులేదు కాబట్టి మాట్లాడటానికి ఒకరు కావాలి. నన్ను ఎంచుకున్నాడు. నాకు మాటలు వచ్చు. మొదటిసారి జరిగింది జరిగినట్టే చెప్పాను, తాయీతో సహా. అయ్యగారు నన్ను పక్కకి పిలిచి, బుగ్గ పట్టుకుని, "పాపా, ఊపిరి ఉందని నువ్వెలా చెప్తావు? నీకు తెలుసా? నువ్వు భయపడి ఉంటావు. చూడు, వాడు చనిపోయాడు. దేవుడు ఇదంతా ముందే రాసిపెట్టాడు, ఎవరి తప్పూ లేదు," అన్నాడు.

ఎవరి తప్పూ లేదు. ఆ మాట నాకు ఎంత కావాల్సిన మాటో ఆయనకి తెలియదు. వాడు చచ్చి బతికితే అది దేవుడి ఏర్పాటు. ఉట్టినే కిందపడితే అది నా గౌను, నా మోచెయ్యి. రెండోసారి నుంచి "ఊపిరి లేదు, నేను ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశాను," అన్నాను. జనం హా అన్నారు. మూడోసారికి "ఒళ్ళు చల్లబడిపోయింది," అన్నాను. తాయీ ఏమైంది? ముందు ఆమెని కథలోంచి తీసేశాం. ఆ తర్వాత అయ్యగారికి ఆమె ఇంకో విధంగా పనికొచ్చింది. "సాతాను ఒక స్త్రీని పంపి ప్రార్థనకి అడ్డుపడ్డాడు," అని నాతో చెప్పించాడు. చెప్పాను. ఆ వారమే తాయీ, పిల్లాడు నీరసంగా ఉన్నాడని చెంబునిండా జున్నుపాలు తెచ్చి ఇచ్చింది. నాన్న మొహం చాటేశాడు. నేను తీసుకుని, ఆమె వెళ్ళాక, అయ్యగారు వద్దన్నాడని మోరీలో పారబోశాను. కొత్త ఫ్రాకులు వచ్చాయి నాకు. సాక్షి పాప అనేవారు. నాకు అది చాలా బాగుండేది. ఇప్పుడు ఇది రాస్తుంటే చేతులు కడుక్కోవాలనిపిస్తోంది.

చివరిది ఢిల్లీలోనే, పెద్ద షామియానా వేసిన సభ. అయ్యగారు వడ్రంగి చేత కిటికీ చట్రం ఒకటి చేయించాడు. వేదిక మీద ఎత్తున నిలబెట్టించి, తమ్ముడిని అందులో కూర్చోబెట్టి, కింద నలుగురు మగవాళ్ళు దుప్పటి పట్టుకోవాలి. నేను చెబుతుండగా వాడు కళ్ళు మూసుకుని పడాలి. "భయమేస్తోంది అక్కా," అన్నాడు నాతో, వేదిక ఎక్కే ముందు. "దుప్పటుంది కదరా," అన్నాను. వాడు పడ్డాడు. దుప్పటి పట్టుకుంది. జనం కేకలు. అయ్యగారు వాడిని ఎత్తి నిలబెట్టగానే వాడు ఆయన తెల్లబట్టల మీద, బూట్ల మీద కక్కేశాడు. ప్యాంటు తడిసిపోయింది. అయ్యగారు మొహం చిట్లించి, వాడిని దూరంగా పట్టుకుని, నవ్వుతూ, "దేవుడికి స్తోత్రం," అన్నాడు మైకులో.

అప్పుడు చూశాను అమ్మని. డ్యూటీ దిగి, తెల్లచీరలోనే వచ్చి, ఎప్పటినుంచో వెనక నిలబడి ఉంది. కుర్చీల మధ్యనుంచి నడిచి వేదిక ఎక్కింది. కొంగుతో వాడి మూతి తుడిచింది. అయ్యగారి వైపు చూడకుండా జనం వైపు తిరిగి, పెద్దగా కాదు, వార్డులో చెప్పినట్టు చెప్పింది. "నేను వీడి తల్లిని. నర్సుని. నా దగ్గరికి తెచ్చినప్పుడు వీడికి పల్సు ఉంది. నేనే పట్టుకుని చూశాను. వీడు చావలేదు. వీడి పేరు రాజు."

అయ్యగారు తొణకలేదు. "అది బతికిన తర్వాత తల్లీ. ముందు చనిపోయాడు. సాక్షి ఇక్కడే ఉంది, అడుగుదాం. పాపా, చెప్పమ్మా. ఊపిరి ఉందా?"

అమ్మ నా వంక చూసింది. తమ్ముడు చూశాడు. ఇంత జనం. నా నోటి దగ్గర మైకు.

"లేదు," అన్నాను. "చచ్చిపోయాడు."

అమ్మ వాడిని చంకనెత్తుకుని మెట్లు దిగింది. ఎనిమిదేళ్ళ పిల్లాడు, కాళ్ళు ఆమె మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి. నెల తిరక్కుండా మునిర్కా వదిలి జనక్‌పురి వచ్చేశాం. కొత్త బళ్ళో రాజు అని రాయించింది. నాన్న కొన్నాళ్ళు ఒక్కడే బస్సెక్కి ఆ హాలుకి వెళ్ళొచ్చి, తర్వాత మానేశాడు. అయ్యగారు ఇంకెవరి బిడ్డనో వెతుక్కుని ఉంటాడు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు, కొట్టలేదు. ఆ విషయం ఇంట్లో ఎత్తొద్దంది, అంతే. కానీ ఆ తర్వాత ఎప్పుడూ, చనిపోయే ముందు కూడా, నేను చెప్పిన ఏ సంగతినీ ఇంకొకర్ని అడగకుండా నమ్మలేదు. కూరలో ఉప్పు సరిపోయిందని నేనంటే, తను మళ్ళీ రుచి చూసేది.

ఆ ఆదివారం భోజనాల బల్ల దగ్గర నేను స్నేహకీ వినీత్‌కీ ఇదంతా చెప్పాను. ఇదంతా కాదు. అయ్యగారి గురించి, కిటికీ చట్రం గురించి, ఉమ్మి గురించి చెప్పాను. గౌను సంగతి, నా సాక్ష్యం సంగతి మింగేశాను. యాభై ఏళ్ళు దాటినా మింగడం అలవాటుగానే ఉంది. స్నేహ ఏడ్చింది. "పాపా, ఆప్‌నే కభీ బతాయా క్యోఁ నహీఁ?" అంటూ, ఇన్నాళ్ళూ చెప్పలేదేమని అడుగుతూ తండ్రి చెయ్యి పట్టుకుంది, ఎడమ చెయ్యి. వినీత్ మెల్లగా, "సారీ మామయ్యా, మాకు తెల్వదు," అని, ఫోను బోర్లా పెట్టాడు. మంచిదే. కానీ నాకేమీ ఊరట కలగలేదు. అప్పుడు ఒక బల్ల, ఒక మైకు, వంద మంది జనం ఉంటే సరిపోయేది. ఇప్పుడు ఆ పసివాడి ముక్కులోని గొట్టాన్ని దేశదేశాలవాళ్ళు చూశారు. వాడికింకా మెడ నిలవలేదు. ఆ మాటే అతనితో అన్నాను. అతను తలదించుకుని ఆ వీడియోలు తీసేస్తానన్నాడు, తీసేశాడని స్నేహ తర్వాత చెప్పింది. పిల్లాడికి చివరికి వినీత్ వాళ్ళ తాత పేరు పెట్టారు, నర్సింహ అని. వాళ్ళ కాలనీలో అదే పేరున్నవాళ్ళు ముగ్గురున్నారట. నాకు చాలా నచ్చింది.

వాళ్ళు వెళ్ళిపోయాక తమ్ముడు పైకి పోలేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నేను అంట్లు తోముతున్నాను. వాడికి కుడి చెవే వినిపిస్తుంది, అందుకని ఆ చెవి నావైపు తిప్పి నిలబడ్డాడు.

"అక్కా, ఒకటి అడుగుతాను. నిజం చెప్పు," అన్నాడు. "నేను నిజంగా చచ్చిపోయానా?"

పంపు కట్టేశాను. మా తమ్ముడికి నెరిసిన మీసం, మనవడు పుట్టాడు. బ్యాంకులో పాతికేళ్ళు పైన పనిచేశాడు. ఈ ప్రశ్న ఎనిమిదేళ్ళప్పటినుంచి వాడి కడుపులో ఉందని నాకు తెలియలేదు, లేక తెలుసుకోదలచుకోలేదు.

"లేదురా," అన్నాను. "ఊపిరుంది. నోట్లో పేడ పోయింది, అది తీయగానే కళ్ళు తెరిచావు. నన్ను చూసి అక్కా అన్నావు. నేను అబద్ధం చెప్పాను. నిన్ను కిటికీ దగ్గరికి పంపింది కూడా నేనే. నా గౌను మీద చొంగ పడిందని."

తిడతాడనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. వాడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చిన్నప్పుడు రోజూ పడుకునే ముందు ముక్కు దగ్గర వేలు పెట్టుకుని చూసుకునేవాణ్ణి," అన్నాడు. "మళ్ళీ పోతానేమోనని."

నేను తడిచేతులు గుడ్డతో తుడుచుకుని వాడి ఎదురుగా కూర్చున్నాను.

"నోట్లో పేడ పోయిందన్నావుగా. మరి ఎవరు తీశారు?"

"తాయీ."

"ఏ తాయీ?"

వాడికి ఆమె గుర్తులేదు. వాడికి గుర్తున్నదల్లా నేను వేదికల మీద చెప్పినదే, అందులో ఆమె సాతాను పంపిన ఆడది. నేను చెప్పాను. వేలు పెట్టి తోడటం, ఓఢ్నీ, ఆటో, జున్ను. పారబోసిన సంగతి కూడా చెప్పాను. వాడు వింటున్నంతసేపూ ఎడమ మోచెయ్యి నిమురుకుంటూ కూర్చున్నాడు.

"ఆమె పేరేంటి?" అన్నాడు.

నేను లేచి మళ్ళీ పంపు తిప్పాను. నాకు వినపడలేదనుకున్నాడేమో, ఈసారి హిందీలో అడిగాడు. "నామ్ క్యా థా ఉన్‌కా, దీదీ?"

"తెలియదురా," అన్నాను. "రెండేళ్ళు ఆమె దగ్గర పాలు పోయించుకున్నాం. ఎవరం అడగలేదు."